వీధికంతా వంట చెప్పిన మనిషి

ఇవాళ పొద్దున్న కూరల గంపతో కొత్త మనిషి ఒకత్తె మా అరుగు దగ్గర ఆగి, "ఏం కావాలండి?" అని అడిగింది.

నేను తెల్లబోయాను. అమలాపురంలో కాపురానికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. అత్తగారు పోయారు, కోడళ్ళు వచ్చారు, నాకు పళ్ళు కదులుతున్నాయి. ఇన్నేళ్ళలో కూరలమ్మే మనిషి నన్ను ఆ మాట అడగడం ఇదే మొదలు. ఏం కావాలో నాకేం తెలుసు? గంపలోకి తొంగిచూసి, కాసేపు తల గోక్కుని, చివరికి "నీకు తోచినవి ఇయ్యి" అన్నాను. ఆ పిల్ల నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఇదివరకు వచ్చే ఆవిడ ఏదీ?" అన్నాను.

"మా మేనత్తండి. పోయిందండి. పది రోజులైంది. ఏం కష్టపడలేదండి, నిద్దట్లోనే ఎల్లిపోయింది."

ఆ పిల్ల వెళ్ళాక అరుగు మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే నవ్వు తోసుకొచ్చింది. పోయిన మనిషిని తలుచుకుని నవ్వడమేమిటని సిగ్గుపడ్డాను, మళ్ళీ నవ్వాను. పారాయణ చేసుకోవడానికి నేర్చుకున్న నాలుగక్షరాలతో ఇది రాసుకోకపోతే, ఈ నవ్వు నన్ను మధ్యాహ్నం వంట కూడా చేసుకోనిచ్చేట్టు లేదు.

ఆవిడ పేరు నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. మా అత్తగారు "ఏమే" అనేవారు, ఆవిడ "ఆయ్" అనేది. ఆ రెండు మాటలతోనే ఇన్నేళ్ళూ గడిచిపోయాయి.

వైనతేయ నది లంకలో ఆవిడ ఇల్లు. నేను కాపురానికి వచ్చేసరికి ఆనకట్ట నీళ్ళ కాలవ కొత్తగా మా ఊరి పక్కకి వచ్చింది. మగవాళ్ళు పొలాల గురించి మురిసిపోతే, ఆడవాళ్ళం తోటకూర గురించి మురిసిపోయాం. అంతకు ముందు లంకలో తెల్లవారగట్ల కోసిన తోటకూర, రేవు దాటి, గట్ల మీద నడిచి, మా వీధికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమై తల వేలాడేసేదిట. కాలవ వచ్చాక పడవ వీధి చివరిదాకా వస్తోంది. ఆకు మీద నీటిబొట్టు ఆరకుండా కూర మా గుమ్మంలోకి వస్తోంది. అదేదో స్వర్గం దిగివచ్చినట్టు మా అత్తగారు రోజూ ఆ నీటిబొట్టుని చూసేవారు.

ఆవిడ పొడుగ్గా, కర్రలా ఉండేది. గంప దించాక కూడా తలమీద గుడ్డ చుట్టకుదురు తీసేది కాదు. మోకాళ్ళ దాకా తడి. అరుగు చివర గంప పెట్టి, దాని మీద కప్పిన అరిటాకు మాత్రం తీసేది కాదు. ముందు ముక్కు ఎగబీల్చేది. "నిన్నటి చారు ఇంకా ఉందేటండి?" అని అడిగేది. ఉండేది. తరవాత కొసరు వేసేది. లోకంలో అందరూ కూర కొన్నాక కొసరు వేస్తారు. ఆవిడ గంప తెరవకముందే ఓ కరివేపాకు రెబ్బో, రెండు పచ్చిమిరపకాయలో మా చేటలోకి విసిరేది. కొసరు పుచ్చుకున్నాక ఇంక బేరమాడటానికి మొహమెక్కడుంటుంది?

నా మొదటి వారంలోనే మా అత్తగారు దొండకాయలడిగారు.

"ఒద్దండమ్మగారు. ఇయ్యాల మీకు బీరకాయండి."

"మొన్న కూడా బీరకాయేగా."

"మొన్న పచ్చడండి. ఇయ్యాల పాలు పోసి కూర సేసుకోండి."

"గంపలో దొండకాయలు కనిపిస్తూనే ఉన్నాయి కదే."

"అయ్యి మూడో ఇంటికండి."

మా అత్తగారు ఊరి పండితుల భార్యలందర్నీ గడగడలాడించిన మనిషి. ఆవిడ నోరుమూసుకుని బీరకాయలు తీసుకోవడం చూసి నాకు ఆ గంపమనిషి మీద అప్పుడే భక్తి కుదిరింది.

దీని వెనక ఒక లెక్క ఉంది. మా వీధిలో పదకొండు ఇళ్ళు. మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక ప్రతి ఇంటినుంచీ ఓ కూరగిన్నె ఆకు మూతతో పెరటిగోడ దాటి పక్కింటికి వెళ్ళేది. అక్కణ్ణుంచి ఇంకో గిన్నె ఇటు వచ్చేది. ఇది ఎప్పణ్ణుంచో ఉన్న అలవాటే. కానీ రెండు పక్కిళ్ళలో ఒకే కూర వండకుండా చూడాలన్నది మాత్రం ఆవిడ పెట్టిన శాసనం. "ఈదంతా వంకాయే వండుకుంటే గిన్నె ఎందుకు పంపుకోవడమండి? ఎవరింట్లో వాళ్ళే తిని పడుకోవచ్చు కదండి," అనేది. ఆవిడ పంచిన పంపకానికి, ఒక్క కూర వండుకున్న ఇల్లాలు మూడు కూరలతో భోజనం పెట్టేది. మగవాళ్ళు అదంతా తమ అదృష్టమనుకునేవారు.

నిన్నటి కూర ఆవిడ అమ్మేది కాదు. మధ్యాహ్నం దాకా మిగిలినవి ఎవరింటి ఆవు ముందు వేయాలో కూడా ఆవిడకి లెక్కే. బెండకాయ తోక తుంచి చూడబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేసేది. సొరకాయని మాత్రం ఆవిడే అరచేత్తో ఓ దెబ్బ వేసి, ఆ చప్పుడు విని, తల ఊపి ఇచ్చేది.

ఇంకొకటి రాస్తే మా అత్తగారు పైనుంచి తిడతారు, అయినా రాస్తాను. ఆవిడ మొగుడు చేపలు పట్టేవాడు. చేపల గంప, కూరల గంప ఒకే పడవలో రావడం లేదు కదా అని మా అత్తగారు నెలకోసారి ఒట్టు వేయించుకునేవారు. అలాంటి మా అత్తగారు, వరదనీళ్ళొచ్చే రోజుల్లో ఓసారి పులస పులుసు సంగతి వచ్చేసరికి, "రామ రామ, మడితో ఉన్నాను, చెప్పకే" అని తలుపు చాటుకి వెళ్ళిపోయారు. ఆవిడ వీధిలో నాకు చెబుతూనే ఉంది, బెండకాయలు నిలువుగా కోసి వెయ్యాలండి, రేత్రంతా కుంపటి మీద ఉంచాలండి అని. తలుపు చాటునుంచి, "తరవాతేం వేస్తారే?" అని వినిపించింది. నేను నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంత చక్కగా తిరుగుతున్న గిన్నెలు ఒకరోజు ఆగిపోయాయి. ఆగింది సరిగ్గా వీధి మధ్యలో, మా ఇంటికీ మా పెదమావగారి ఇంటికీ నడుమ.

పెదమావగారు మా మావగారికి సొంత అన్నగారు. పక్కిల్లే. ఆయన కోడలు మా అక్క. అక్కచెల్లెళ్ళం దూరమవకూడదని మా నాన్నగారు ఏరికోరి అన్నదమ్ముల కొడుకులకిచ్చి చేశారు. పొద్దున్న లేస్తే గోడకి ఇటు నేను, అటు అక్క. అమ్మ దగ్గర ఉన్నట్టే ఉండేది నాకు.

మాఘమాసంలో మా ఇంట్లో నలుగురు ఘనాపాఠీలకి భోజనం పెట్టారు. లేత పనసకాయ సన్నగా పొట్టు కొట్టి, ఆవ పెట్టి కూర చేశారు. పెదమావగారు ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, పంక్తి అంతా వింటూండగా, "తమ్ముడూ, ఆవ ముక్కుదాకా రాలేదురా" అన్నారు.

ఆ ఆవ నూరింది మా అత్తగారు.

పెళ్ళయిన నాటినుంచీ ఏ విషయంలోనూ భార్య పక్షాన మాట్లాడని మా మావగారికి ఆ రోజే పౌరుషం పొడుచుకొచ్చింది. మాటకి మాట పెరిగింది. చెయ్యి కడుక్కునేటప్పటికి అన్నదమ్ములు ఒకరికొకరు లేరు. మర్నాడు పొద్దున్న పెరటిగోడ మీద గిన్నెలు దాటే చోట తాటాకు తడక లేచింది. వేదం అంతా కంఠతా వచ్చిన ఇద్దరు మహానుభావులు ఆవపిండి దగ్గర విడిపోయారు.

కోడళ్ళం మేం. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అక్కతో మాట్లాడకూడదని అత్తగారు నోటితో అనలేదు కానీ, నేను గోడవైపు వెళ్తే దగ్గేవారు. రుబ్బురోలు దగ్గర అక్క గాజుల చప్పుడు తడకలోంచి వినిపించేది. నేను ఇటునుంచి గాజులు ఆడించేదాన్ని. అటునుంచి మళ్ళీ ఆడేవి. మూడు నెలలు అదే మా సంభాషణ.

ఓ రోజు అత్తగారు లోపలికి వెళ్ళినప్పుడు ఆవిడని బతిమాలాను. "అక్కతో ఒక్క మాట చెప్పవూ?"

"మీ మాట మీరే సెప్పుకోవాలండి సిన్నమ్మగారు. నేను మోసేది కూరలేనండి," అంది.

కానీ ఆవిడకి కోపం వచ్చింది. ఎంత కోపమంటే, మర్నాటినుంచి మా రెండిళ్ళకీ సొరకాయే ఇచ్చింది. మొదటిరోజు పులుసు పెట్టాం. రెండోరోజు పెరుగుపచ్చడి. మూడోరోజు పాలు పోసి. అయిదో రోజుకి తొక్క కూడా పచ్చడి చేసేశాం. పక్కింటినుంచి కూడా అదే వాసన. తొమ్మిదో రోజున మా మావగారు, వీధిలో ఆడవాళ్ళ బేరాలవైపు కన్నెత్తి చూడని మనిషి, ఉత్తరీయం సర్దుకుంటూ అరుగు మీదికి వచ్చారు.

"ఏమమ్మా, లంకలో వంకాయలు కాయడం లేదా?"

"ఆయ్, విరగకాసేయండి అయ్యగారు. అయ్యి గిన్నెలు తిరిగే ఇళ్ళకండి."

మా మావగారికి ముఖం ఎర్రబడింది. తనకేం ఈవిడ దయాదాక్షిణ్యం అక్కర్లేదని, ఆ వారం సంతకి స్వయంగా వెళ్ళారు. ఉత్తరీయం నిండా బెండకాయలు మూటకట్టుకుని విజయం సాధించినట్టు వచ్చారు. అత్తగారు ఒకటి తీసి వంచి చూశారు. వంగలేదు. కత్తిపీట మీద పెట్టి నొక్కారు. కత్తిపీట కదిలింది కానీ బెండకాయ తెగలేదు. "ఇవి కూరకి తరగనా, హోమానికి సమిధలుగా దాచనా?" అని అడిగారు. ఆ రోజు ఆయన ఆవకాయతో తిన్నారు. మర్నాడు నోరెత్తకుండా సొరకాయ తిన్నారు.

వైశాఖంలో అక్క గాజుల చప్పుడు ఆగిపోయింది.

ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. నేను ఇటునుంచి ఎంత ఆడించినా అటునుంచి ఏమీ లేదు. నాకు అన్నం సహించలేదు. మూడో రోజు పొద్దున్న, ఏమీ పట్టనట్టు గుమ్మానికి పసుపు రాస్తూ మా అత్తగారే అడిగారు, "పక్కింటికి ఏమిచ్చావే?"

"మొన్న సింతసిగురండి. నిన్న దబ్బకాయండి. ఇయ్యాల పచ్చి మావిడికాయండి."

పసుపు రాస్తున్న చెయ్యి ఆగింది. "ఎన్నో నెల?"

"మూడోదంటండి. ఏదీ కడుపులో ఇవడట్లేదండి. నిన్నట్నుంచి నీళ్ళు కూడా ఇవడట్లేదండి. వైద్యుడుగారు వచ్చేరు. ఇలాగే ఇంకో రెండ్రోజులుంటే తల్లీ దక్కదు పిల్లా దక్కదన్నారంటండి."

గోడకి అటుపక్క, నాలుగడుగుల దూరంలో, మా అక్క చచ్చిపోతోంది. ఇటుపక్క నేను సొరకాయ తొక్క తీసుకుంటున్నాను. అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఆవిడ వచ్చింది. కొసరు వెయ్యలేదు. వాసన పీల్చలేదు. ఇంత లావు కందదుంప మా చేటలో పెట్టింది.

"కందకి బచ్చలి ఏదే?" అన్నారు అత్తగారు.

"పక్కింట్లో ఉందండి."

మా వైపు ఎవరింట్లో శుభకార్యమైనా కందా బచ్చలీ కలిపి ఆవ పెట్టిన కూర లేకుండా విస్తరి లేవదు. మా పుట్టింట్లో అయితే జ్వరం తగ్గినా అదే, పండగొచ్చినా అదే. అక్క చిన్నప్పుడు ఆ కూర కోసం అలిగి గాదె వెనక దాక్కునేది. ఆ సంగతి అక్కే చెప్పిందో, ఆవిడే పసిగట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆవిడ పక్కింటికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచి పెదత్తగారి గొంతు వినిపించింది. "బచ్చలి సరే, కంద ఏదే?"

"పక్కింట్లో ఉందండి."

మా అత్తగారు కందదుంప ఎత్తుకుని పెరట్లోకి నడిచారు. నేను వెనకాలే పరిగెత్తాను. అత్తగారు తడక పట్టుకుని లాగబోయేసరికి అది అటునుంచి కూడా కదిలింది. ఇద్దరూ లాగిన లాగుడికి తడక కాస్తా ఊడి మధ్యలో పడింది. అటు పెదత్తగారు, చంకలో బచ్చలి కట్టతో.

"బచ్చలి ఇలా ఇయ్యండి అక్కయ్యా," అన్నారు మా అత్తగారు.

"కందే ఇలా ఇయ్యి," అన్నారు పెదత్తగారు.

"ఆవ నూరడం చేతకానిదాన్ని కదా, నేను వండితే మీకు నచ్చుతుందో లేదో గానీ, కంద వచ్చింది మా ఇంటికి."

"ఆ మాటన్నది మీ బావగారు, నేను కాదు. పిల్ల ఉన్నది మా ఇంట్లో."

"పిల్ల ముఖం చూసే ఊరుకుంటున్నాను."

"ఊరుకున్నదానివి గోడదాకా ఎందుకొచ్చావు?"

ఇంకాసేపుంటే బచ్చలికి ఓ తగువు, కందకి ఓ తగువు మొదలయ్యేవి. అప్పుడు వెనకనుంచి అక్క వచ్చింది. పశువులపాక గుంజ పట్టుకుని నిలబడింది. కళ్ళు లోతుకి పోయాయి. గాజులు మోచేతిదాకా జారిపోయాయి.

"చెల్లాయి వండితే తింటాను," అంది.

బచ్చలి నా చేతిలోకి వచ్చింది.

కంద తరుగుతూంటే చేతులు దురదలెత్తిపోయాయి. గోక్కోవడానికి తీరిక లేదు. ఉడకబెట్టి, చింతపండు పులుసు పోసి, ఇంగువ పోపు వేశాను. ఆవ మాత్రం మా అత్తగారు నూరారు. పెదత్తగారు ఆవిడ వెనకే నిలబడి "ఇంకాస్త" అంటారు, ఆవిడ "నాకు తెలుసులెండి" అంటారు, మళ్ళీ ఇంకాస్త నూరుతారు. కూర దించి ఆవ కలిపేసరికి ఆ ఘాటు రెండు పెరళ్ళూ నిండిపోయింది. వైద్యుడు చూస్తే మూర్ఛపోయేవాడు.

అన్నదమ్ములిద్దరూ అప్పటికే పెరట్లో చెరో మూలా నిలబడి ఎవరి కొబ్బరిచెట్టు వైపు వాళ్ళు చూస్తున్నారు. పెదమావగారు తుమ్మారు. ఇంకోసారి తుమ్మారు. మూడోసారి కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి.

"అందిందా అన్నయ్యా?" అన్నారు మా మావగారు చెట్టువైపే చూస్తూ.

"అందిందిరా," అన్నారు ఆయన ముక్కు తుడుచుకుంటూ.

అక్కకి నేనే కలిపి పెట్టాను. మొదటి ముద్ద మింగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుంది. అయిదుగురం ఆ పిల్ల గొంతు వైపే చూస్తున్నాం. ఎంతసేపు చూశామో తెలియదు. అక్క కళ్ళు తెరిచింది.

"ఉప్పెక్కువేశావే," అని మళ్ళీ నోరు తెరిచింది.

నాలుగు ముద్దలు తింది. నాలుగూ కడుపులో నిలిచాయి. నేను దొడ్లో నిలబడి పెద్దగా ఏడ్చాను, అక్క నన్ను చూసి నవ్వింది.

కోడలన్నది వీధిలోకి పరిగెత్తకూడదన్న సంగతి మరిచిపోయి, విస్తరాకులో కాస్త అన్నం, కూర పెట్టుకుని అరుగు మీదికి పరిగెత్తాను. ఆవిడ అక్కడే ఉంది. మధ్యాహ్నం దాటకుండా పడవెక్కే మనిషి, ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చునుంది. పడవ ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఇవిడిందాండి?" అంది.

"నాలుగు ముద్దలు," అన్నాను.

ఆవిడ తలమీది చుట్టకుదురు తీసి దానితో ముఖం తుడుచుకుంది. ఆవిడ జుట్టు నేను చూడటం అదే మొదటిసారి. సగం నెరిసిపోయి ఉంది. విస్తరాకు ఒళ్ళో పెట్టుకుంది కానీ తినలేదు.

"సిన్నమ్మగారు, మూడు దినాలు నేను రానండి. మీ అత్తయ్యగారితో సెప్పండి."

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"కాదండి. కాట్రేనికోనలో మా పిల్ల ఉందండి. ఒక్కత్తే పిల్లండి. రెండేళ్ళైంది దాని మొకం సూసి." ఒళ్ళో విస్తరాకు అంచు సర్దింది. "సూడ్డానికెళ్ళి, దాని అత్తోరందరి ముందు, పులుసు నీళ్ళలా ఉందే అన్నానండి. నేనన్నది అంతేనండి. నా ముందు కంచం తీసేసి లోపలికి పట్టుకుపోయిందండి. మళ్ళీ ఇటు రాలేదండి, కబురు లేదండి. నేనూ ఎల్లలేదండి. తల్లిని కదండీ, అదే రావాలనుకున్నానండి."

నేను గంప పక్కకి జరిపి ఆవిడ దగ్గర కూర్చున్నాను.

"ఆ సొరకాయలన్నీ మీకొక్కళ్ళకే అనుకున్నారేటండి? నేనూ ఇంటికాడ అయ్యే తిన్నానండి."

"వెళ్తే రానిస్తుందా?"

"ఏమోనండి. రానివ్వకపోతే గుమ్మం ముందు కూసుని వచ్చేస్తానండి."

ఆ మూడు రోజులూ వీధిలో కూరలు లేవు. పదకొండు ఇళ్ళూ పప్పూ, ఊరగాయలతో తిన్నాయి. అయినా గిన్నెలు మాత్రం ఆగలేదు. అందరింట్లోనూ కందిపప్పే. అదే ఇటు పంపారు, అదే అటు పంపారు. మా పెదమావగారు మా ఇంటి పప్పు తిని మెచ్చుకుంటూ కబురు చేశారు. అక్క రోజుకి నాలుగు ముద్దలు ఎక్కువ తింటోంది. ఎవరూ అనలేదు కానీ, పొద్దున్నయ్యేసరికి అందరూ వీధి చివరికి చూస్తున్నారు.

నాలుగో రోజున ఆవిడ వచ్చింది. పడవ మీద కాదు, తూర్పు గట్టు మీదినుంచి నడుచుకుంటూ. కాళ్ళనిండా దుమ్ము. గంప లేదు. తలమీద ఏమీ లేదు. తిన్నగా వచ్చి మా అరుగు మీద చతికిలబడింది.

"కూరలేవే?" అన్నారు అత్తగారు.

"తేలేదండమ్మగారు. కాట్రేనికోన నుంచి తిన్నగా ఇటే వచ్చేనండి."

"అంత దూరం వట్టి చేతులతో నడిచి ఎందుకొచ్చావే?"

ఆవిడ ముఖం ఎత్తి మా ఇద్దరినీ చూసింది.

"మా పిల్ల అన్నం పెట్టిందండి. ఆ ముక్క మీతో సెప్పి ఎల్దామని వచ్చేనండి."